రెండేండ్లవాడు, నిండుచూలాలు, ఒక పండుగ



మార్గశిర మాసము ప్రవేశించినదనిన విశాఖపట్టణమునకు ఒక్క పండుగ కాదు, పండుగల వరుసయే వచ్చును. గురువారములనాడు తెల్లవారకముందే బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి సన్నిధికి పసుపుకుంకుమలు చేతబట్టుకొని స్త్రీలు బారులు తీరుదురు; నల్లని వస్త్రములు ధరించిన అయ్యప్ప దీక్షాపరులు వేకువనే చన్నీటి స్నానములు చేసి శరణుఘోష సలుపుదురు; ధనుర్మాసము వచ్చిన పిదప సింహాచలము కొండమీదినుండి తిరుప్పావై వినవచ్చును, కొండదిగువన అడివివరము వీధులలో ముగ్గుల నడుమ గొబ్బెమ్మలు వెలయును. ఆ వీధులలోనే, అక్కడొక ఇంటిమీదను ఇక్కడొక ఇంటిమీదను, వెదురుబద్దల చట్రమునకు రంగుకాగితమంటించి లోపల దీపము వ్రేలాడగట్టిన నక్షత్రము వెలుగుచుండును. అట్టి నక్షత్రము గల ఇండ్లలో మాదియొకటి.

నేడు నేను మనవి చేయబోవునది ఆ నక్షత్రము క్రింది సంగతి. ఇంట ఒక పసివాడు తప్పటడుగులు దాటి పరుగులు నేర్చి, వాని తల్లి మరల నిండుచూలాలై యున్న యేట, క్రిస్మస్ పండుగను ఏ రీతిని జరుపుకొనవలెనన్న ప్రశ్న నిరుడు మా ఇంట పుట్టినది. పురుషులకిది ప్రశ్నయే కాదు. పండుగ దానంతట అది వచ్చి దానంతట అది జరిగిపోవునని వారి నమ్మకము. పండుగ యనగా పనియనియు, పని యనగా ఎవరో యొకరి నడుమనియు గృహిణులెరుగుదురు.

మా కుటుంబపు పూర్వోత్తరము కొంత చెప్పనిదే ఈ కథ సాగదు. నా పుట్టినింటివారు లండన్ మిషను సంఘమునకు చెందినవారు. నా అత్తింటివారు రోమను కతోలికులు. ఈ రెండు శాఖలకును విశాఖపట్టణముతో గల సంబంధము నేటిది కాదు. లండన్ మిషనరీ సొసైటీ పంపగా జార్జి క్రాన్, అగస్టస్ డిగ్రాంజ్ అను ఇరువురు 1805లో ఈ పట్టణమున దిగి, తెలుగు నేర్చి, సువార్తలను తెనిగింపబూనిరి. ఆనందరాయరు అను బ్రాహ్మణ విద్వాంసుడు క్రైస్తవమును స్వీకరించి వారికి తోడ్పడెను. ఈ దేశపు ఎండలకును జ్వరములకును ఓర్వజాలక క్రాన్ 1809లోను, డిగ్రాంజ్ 1810లోను కాలధర్మము నొందిరి. వారి తెలుగు మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరామపురమున అచ్చయి వెలువడినవి. అనగా మన యింట క్రిస్మస్ రాత్రి చదువుకొను లూకా సువార్త కథ, మరియమ్మ ప్రయాణమును, సత్రమున చోటు లేకపోవుటయు, గొర్రెలకాపరుల రాకయు, తెలుగు మాటలలో అచ్చుకెక్కుటకు ముందు ఈ సముద్రపుటొడ్డుననే రూపుదిద్దుకొన్నది. ఈ మాట పిల్లలకు పాఠశాలలో నెవరును చెప్పరు. నేను తెలుగు ఉపాధ్యాయినిగా నుండినంతకాలము ప్రతి డిసెంబరులోను చెప్పితిని. కతోలికుల విషయమునకు వచ్చిన, సవాయి దేశములోని అన్నెసీనుండి ఫ్రాన్సిస్ ద సేల్స్ సభకు చెందిన గురువులు 1846లో విశాఖపట్టణమున నెలకొనిరి. పాతపట్టణమున రాస్ కొండపై నున్న మరియమాత గుడిని ఊరివారెల్లరు కొండగుడి యందురు. ఆ వరుసలోనే ప్రక్కప్రక్కను మూడు గుట్టలమీద ఒకదానిపై వేంకటేశ్వరస్వామి కోవెలయు, ఒకదానిపై దర్గాయు, ఒకదానిపై ఈ గుడియు ఉండుట ఓడలలో వచ్చువారికి దూరమునుండియే కానవచ్చును.

నా పుట్టినింట క్రిస్మస్ యనగా నక్షత్రమును, కీర్తనలును. అంతే. మా నాయనగారు పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలను నోటికి పాడెడివారు. బొమ్మలు పెట్టుట ఆయనకు సరిపడదు. అత్తింట కాలుపెట్టిన తొలి యేడు మా అత్తగారు గడ్డితో పశువులపాక కట్టి, మట్టిబొమ్మలను ఒక్కొక్కటిగా పాతచీర పేలికలలోనుండి విప్పుచుండగా, నేను వింతగా చూచుచు నిలుచుంటిని. ఈ పాక కట్టు ఆచారమునకు మూలపురుషుడు అసీసీ ఫ్రాన్సిసు. ఆయన 1223లో ఇటలీలోని గ్రెచ్చో అను కొండపల్లెలో నిజమైన ఎద్దును, గాడిదను, గడ్డినింపిన తొట్టిని తెచ్చిపెట్టి, చదువురాని పల్లెవారికి క్రీస్తుజననమును కన్నులయెదుట నిలిపెను. చదువురానివారికొరకు పుట్టిన ఆచారము గనుకనే రెండేండ్లవానికి అంత చక్కగా ఒప్పినదని నిరుడు నాకు తోచినది. ఇంకొక మాట. డిసెంబరు 25వ తేదీయని సువార్తలలో ఎక్కడను లేదు. ఆ తేదీన రోమునగరమున పండుగ జరిగినట్లు తెలియవచ్చు మొదటి దాఖలా 336వ సంవత్సరమునకు చెందినది. తేదీయే మధ్యన వచ్చి చేరినదైనప్పుడు, అరిసెలు ఎన్ని వండవలెను, అర్ధరాత్రి ఎవరు గుడికి పోవలెను అను నియమములను ఇంటి ఇల్లాలు ఒక యేటికి సడలించుటలో దోషమేమి?

మా కుమార్తె ఉక్కునగరమున కాపురముండును. తొలికాన్పు పుట్టినింట, మలికాన్పు అత్తింట అని పట్టుపట్టువారు కొందరు గలరు. మా ఇంట ఆ పట్టింపు లేదు. డిసెంబరు మొదటివారమున ఆమె కుమారుని చంకనెత్తుకొనబోవుటయు, తల్లిని నేను గదమాయించుటయు, తండ్రి వానిని భుజమున వేసికొనుటయు జరుగుచుండగా, గాజువాక, ఎన్.ఏ.డి. కూడలి, గోపాలపట్నము మీదుగా మా ఇల్లు చేరినది. ప్రసవము జనవరి నెలాఖరున నుండునని డాక్టరమ్మ చెప్పియున్నది. ఆ త్రోవలోని గతుకులను గురించి కుమార్తె చెప్పుచుండగా, నజరేతునుండి బేత్లెహేమునకు నిండుచూలాలిని నడిపించుకొనిపోయిన ప్రయాణము నాకు ప్రప్రథమముగా శాస్త్రభాగముగా గాక, ఒక స్త్రీ దేహమునకు కలిగిన శ్రమగా తోచినది. చిత్రకారులు ఆమెను గాడిదపై కూర్చుండబెట్టుదురు. అది వారి దయ. లూకా సువార్తలో గాడిద లేదు. మంత్రసానియు లేదు. ఈ రెండును రెండవ శతాబ్దమున యాకోబు పేరిట వెలసిన ఒక గ్రంథమున కనబడును. ఆ గ్రంథకర్త ఎవరోగాని, అతనియింట పురుళ్ళు పోసిన ముసలమ్మ యొకతె యుండి యుండవలెను. ఒంటరిగా ఆ తల్లి పడిన పాట్లకు మనసొప్పక ఆమెయే ఆ రెంటిని చేర్పించినదని నా ఊహ.

పండుగ పనులలో మొట్టమొదట విడిచినది కొండగుడి యాత్ర. డిసెంబరు 8న అక్కడ మరియమాత ఉత్సవము. అన్నమ్మ గర్భమున మరియమ్మ నిష్కళంకముగా నుద్భవించినదని కతోలికులు స్మరించు దినమది. ఆనాడు కొండమెట్లు జనముతో క్రిక్కిరిసి యుండును. క్రైస్తవులేగాక ఊరిలోని సకలమతములవారును కొవ్వొత్తులు పట్టుకొని ఎక్కుదురు. గర్భమును స్తుతించు పండుగకు గర్భిణి పోలేకపోవుట వింతగానున్నదని మావారు అనిరి. ఇందులో వింత లేదంటిని. మెట్లెక్కువారు ఆమె పేరున ఒక వత్తి వెలిగించిన చాలును. ఆయన వెళ్ళి వెలిగించివచ్చిరి.

రెండవది అరిసెలు. శ్రోతలలోని గృహిణులకు నేను చెప్పవలసినది లేదు: ముందునాడు బియ్యము నానబోసి, తడిపిండి కొట్టి, బెల్లపుపాకము ముదరకను లేతగాకను కనిపెట్టి దించి, ఒకరు పిండి పోయుచుండ ఒకరు త్రిప్పుచు, వేడినూనెయెదుట గంటలకొలది కూర్చుండి, తీసినదానిని తీసినట్లు చెక్కలనడుమ ఒత్తవలెను. ఇది నలుగురు చేతులు కలిసిన జరుగు పని. ఆ పొగలోను, ఆ సెగలోను ఏడునెలలు నిండిన స్త్రీని కూర్చుండబెట్టరాదు. అట్లని ఇంట అరిసెలు వండుచు ఆమెను గదిలో కూర్చుండుమనిన, ఆమె కూర్చుండదు. ఆడపిల్ల పుట్టినింటికి వచ్చినను చేయి ఊరకుండదు. అందుచేత అరిసెలను పొరుగూరినుండి తెప్పించి, ఇంట గవ్వలు మాత్రమే చేసితిమి. గవ్వలలో సౌకర్యమేమన, పిండిముద్దలను గవ్వలచెక్కపై బొటనవ్రేలితో ఒత్తు పని రెండేండ్లవాడును చేయగలడు. వాడు ఒత్తినవి గవ్వలు కాలేదు. ఏమైనవో చెప్పుటయు కష్టము. కాని వేయించి బెల్లపుపాకము పట్టించిన తరువాత వాని గవ్వలను వాడు గుర్తుపట్టి, వచ్చినవారికెల్ల వానినే తీసి ఇచ్చుచు, తాను చేసినదానిని ఇతరులు తినువరకు వారి నోటివంకనే చూచుచు నిలువబడెడివాడు. ఈ యేడు డిసెంబరు రాగానే వాడు మొదట అడిగినది గవ్వలచెక్కను. అరిసెల ప్రసక్తి వాడు తేలేదు.

ఇక పశువులపాక. మా అత్తగారి మట్టిబొమ్మలు సున్నితమైనవి. గొర్రెపిల్లలైతే వానిలో కొన్ని చింతగింజంత లేవు. ఈ వయస్సు బిడ్డకు చేతికందిన ప్రతి వస్తువు నోటిలోనికే పోవును. గొంతున అడ్డుపడిన ప్రాణాపాయము. కనుక మట్టిబొమ్మలను గాజుబీరువాలో నుంచి, అనకాపల్లి జిల్లాలో వరాహనది యొడ్డుననున్న ఏటికొప్పాకనుండి మావారెన్నడో తెచ్చిన లక్కబొమ్మలను దింపితిమి. అవి అంకుడుకర్రను తరిణెపట్టి, ఆకులు వేళ్ళు గింజలనుండి తీసిన రంగులను లక్కతో కలిపి పూసినవి. పిల్లవాడు చీకినను అంత భయము లేదు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. వానిలో మరియమ్మ గాని జోజప్ప గాని లేరు. ఒక రాజును ఒక రాణిని ఆ స్థానమున నిలిపితిమి. మావారు కొంత సంకోచించిరి; కాని దావీదు వంశీయులే కదా యని సమాధానపడిరి. పసివాడు తన పక్షమున ఒక లారీని తెచ్చి ఎద్దుప్రక్కన నిలిపెను. ఎవరు తీసివేసినను మరల తెచ్చి అక్కడనే నిలుపుచుండుటచేత, పండుగ ముగియువరకు బేత్లెహేమున లారీ ఉండినది.

పాకముందు పచ్చికకొరకు మా ఇంట వెడల్పాటి పళ్ళెములలో తడిమన్ను పరచి రాగులును వడ్లును చల్లుట ఆచారము. పది పండ్రెండు దినములలో అవి జానెడు మొలకలగును. వానికి నీరు చల్లు అధికారము పిల్లవానికిచ్చితిమి. మొలక కనబడని మొదటి దినములలో వాడు మన్ను కెలికి చూచెడివాడు. నాలుగవనాడో ఐదవనాడో తెల్లనిమొన తోచగానే ఇల్లెల్ల ఎగిరెను. మొలకలు ఎదుగుచుండగా ఆ ప్రక్కగదిలో నేను పురిటికి కావలసిన పొత్తిగుడ్డలు సిద్ధము చేయుచుంటిని. క్రొత్తబట్ట పసికందు మేనికి పనికిరాదు. కట్టికట్టి మెత్తబడిన నూలుచీరలను, పాతపంచెలను వేడినీట ఉడికించి, ఎండలో నారవేసి, చదరముగా కత్తిరించి మడతపెట్టవలెను. మా కుమార్తె తలవాకిట నీరెండలో కూర్చుండి అంచులు కుట్టుచుండెను. ఇదియే ఆమెకు మేమిచ్చిన పండుగ పని. సువార్తలో ఆ తల్లి తన బిడ్డను చుట్టిన గుడ్డలను ఎప్పుడు కత్తిరించి పెట్టుకొన్నదో, ప్రయాణపు మూటలో వానికి చోటెట్లు చేసినదో లూకా వ్రాయలేదుగాని, ఆమె దారిలో వానిని మరువలేదని మాత్రము తెలియుచున్నది.

పాకలోని తొట్టిని డిసెంబరు 24 రాత్రివరకు ఖాళీగానుంచుట కతోలికుల మర్యాద. ఆగమనకాలమున నాలుగు ఆదివారములు ఎదురుచూచిన పిమ్మటగాని బాలయేసు బొమ్మను అందు పరుండబెట్టరు. ఈ ఎదురుచూపు పెద్దలకు అలవాటైన సంగతి, పసివానికి గండము. వాడు ప్రతిదినము వచ్చి తొట్టిలోనికి తొంగిచూచి, “బాబేడీ?” అని అడుగును. “వస్తాడు నాన్నా” అందుము. పిదప తల్లి కడుపుమీద అరచేయి పెట్టి అదే ప్రశ్న. అదే సమాధానము. రెండింటికి ఒకే జవాబిచ్చుటచేత వాని బుద్ధిలో రెండును ఏకమైనవని మాకు మొదట తట్టలేదు. ఒకనాటి సాయంకాలము వాడు ఒక పొత్తిగుడ్డను లాగుకొనిపోయి తొట్టిలో పరచి, తల్లి చేయిపట్టి అక్కడికీడ్చి, ఇక బాబును ఇందులో పెట్టుమని సైగచేసెను. అమ్మ కడుపున నున్నవాడే ఆ గడ్డిలో పరుండబోవువాడు. వాని మతమున ఇందులో సందేహము లేదు.

చెల్లెలో తమ్ముడో ఎవరికి తెలియదు. తెలిసికొనుట 1994 నాటి చట్టముచేత నిషిద్ధము. పొరుగమ్మలు కడుపు ఆకారమునుబట్టి, నడకనుబట్టి తీర్పులు చెప్పుట మాత్రము ఏ చట్టమునకును లొంగలేదు. మా ఎదురింటి ఆమె అప్పన్న భక్తురాలు. ఆషాఢ పున్నమికి 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణము ఏనాడును తప్పదు; ఆ రాత్రి నడచిపోవువారికి మా అరుగుమీద మజ్జిగ పోయుట మా ఇంటి పరిపాటి. డిసెంబరు మధ్యన ఒకనాడు ఆమె కొండదిగి నేరుగా మా ఇంటికి వచ్చి, “ఏటమ్మా, నెలలు నిండినదానివి ఎండలో కూకుని కుట్లేటి? నీ పేరు సెప్పి కప్పస్తంభం కౌగిలించుకొచ్చినాను. పాపే పుడతాది, సూస్కో” అన్నది. సింహాద్రినాథుని ముఖమండపములోని ఆ స్తంభము అడుగున సంతానగోపాలయంత్రమున్నదని ప్రతీతి. సంతానార్థులు దానిని కౌగిలింతురు. ఇట్టి సమయమున క్రైస్తవగృహమున ఏమనవలెనని చర్చించు పెద్దలు నేడు బహుళముగా బయలుదేరిరి. మా కుమార్తె లేవలేక లేచి, ఆమెకు గవ్వలును కేకుముక్కయు పెట్టి, “మంచిది పెద్దమ్మా” అన్నది. అంతకు మించి అనవలసినదేమో నాకు తోచలేదు. అనాసపండ్ల కాలము కాకపోవుట మాత్రము మా అదృష్టము. సింహాచలము అనాసను గర్భిణి తినవచ్చునా కూడదా యను వాదము మొదలైనచో, ఆ స్నేహము ఏమగునో చెప్పలేము.

కేకు ప్రస్తావన వచ్చినది గనుక ఒక ముచ్చట. భారతదేశమున తొలి క్రిస్మస్ కేకు 1883లో మలబారులోని తలశ్శేరిలో తయారైనదనియు, మర్డాక్ బ్రౌన్ అను దొర ఇంగ్లండు కేకును మాదిరి చూపగా మంబల్లి బాపు అను రొట్టెల వర్తకుడు బ్రాందీకి బదులు నాటుసారాయము కలిపి దానికంటె మిన్నగా చేసెననియు చెప్పుదురు. కథ రుచిగానే యున్నది, కాని గర్భిణికి మద్యపు చుక్కయు వలదని వైద్యులు చెప్పుచున్నారు. మా ఇంట ప్రతియేడు పులియబెట్టు ద్రాక్షరసపు జాడీని నిరుడు దింపనేలేదు. ఎండుద్రాక్షను నారింజరసమున నానబెట్టి కేకు చేసితిమి. ఎవరును తేడా కనిపెట్టలేదు. కనిపెట్టిన వారెవరైన నుండిన, పైకి చెప్పలేదు.

క్రిస్మస్ తాత సంగతి చెప్పకున్న ఈ ప్రసంగమసంపూర్ణము. సంఘపు యువకులు డిసెంబరు రాత్రులలో వ్యానుమీద డోలక్, కీబోర్డు కట్టుకొని ఇంటింట కీర్తనలు పాడుచు తిరుగుదురు. వారివెంట ఎర్రని అంగీయు, ప్లాస్టిక్ ముఖమును, దూది గడ్డమును ధరించి ఒకడు గంతులు వేయుచుండును. ఆ రాకడ రాత్రి ఒంటిగంటకో రెండుగంటలకో. ఎప్పుడని ముందు తెలియదు. అర్ధనిద్రలో లేపి ఆ ముఖమును చూపి, “చూడు, తాత!” అని బిడ్డను ముందుకు త్రోయు తలిదండ్రులను నేను చూచితిని, బిడ్డ కెవ్వుమని అరచుటయు, వారు నవ్వుచు ఫోటో తీయుటయు చూచితిని. ఇది నాకెన్నడును రుచింపలేదు. మిరా పట్టణపు పుణ్యపురుషుడు నికొలాసు, పేదయింటి ఆడపిల్లల వివాహమునకు రాత్రివేళ ధనపుమూటను ఎవరును చూడకుండ కిటికీలోనుండి జారవిడిచినాడన్న కథనుండి కదా ఈ తాత పుట్టినది! ఆయన ఎవరిని నిద్రలేపలేదు. మేము చేసినదేమన, యువకులకు ముందే కబురంపి, సాయంకాలము ఏడుగంటలకు వచ్చునట్లు ఒప్పించితిమి. మావారు ఆ ముఖమును తెప్పించి, పట్టపగలు పిల్లవాని యెదుటనే ముందు టోపీ, పిదప గడ్డము, పిదప అంగీ తొడిగి, మరల ఒక్కొక్కటిగా విప్పి చూపించిరి. ముఖమును మాత్రము తొడుగనేలేదు. నాలుగైదు దినములకు వాడే గడ్డము తెచ్చి తాతకు తగిలింపసాగెను. పాటలవారు వచ్చిననాడు వాడు బెదరలేదు; వారి తాతకు మాత్రము తన తాతకున్నంత మంచి గడ్డము లేదని ముఖము త్రిప్పుకొన్నాడు.

24వ తేదీ రాత్రి అల్లునికి బి షిఫ్టు. ఉక్కుకర్మాగారమున కోకుబట్టీలును, కరిగిన ఇనుము కారు కొలుములును క్రీస్తుజయంతికని ఆగవు. ఆగినచో మరల రగిలించుట దుర్ఘటము. రాత్రి పదింటికి షిఫ్టు దిగి, మోటారుసైకిలుపై వచ్చి, అతడు మా ఇల్లు చేరునప్పటికి పదకొండు దాటినది. అర్ధరాత్రి పూజకు ఎవరు పోవలెను? ఏటేట ఇల్లు తాళమువేసి అందరము పోవుట వాడుక. డిసెంబరు మంచులో రెండుగంటలసేపు నిలువబడుట ఉబ్బిన పాదములు గల స్త్రీకి తగదు. నిద్రించు బిడ్డను లేపుట ఎవరికిని తగదు. మావారును అల్లుడును గుడికి పోయిరి. ఇంట మేము ముగ్గురము. బాలయేసు బొమ్మను తొట్టిలో నుంచు పని ఇంటి పెద్దది. నిరుడు దానిని మా కుమార్తె చేసినది. వంగలేక మోకాళ్ళమీద కూర్చుండి, పిల్లవాడు ముందే పరచియుంచిన గుడ్డను సరిచేసి పరుండబెట్టినది. తరువాత లేచుటకు నా చేయి కావలసివచ్చినది, ఇద్దరము నవ్వుకొంటిమి. తెల్లవారి అందరము కలిసి ఉదయపు పూజకు పోయితిమి.

పూజనుండి వచ్చినవెంటనే పిల్లవాడు పాకవద్దకు పరుగెత్తి, తొట్టిలోని బాబును చూచెను. చూచి సంతోషించెను. పిదప తల్లివైపు తిరిగి ఆమె కడుపు ఇంకను ఉండుట చూచి మిక్కిలి కలత చెందెను. బాబు వచ్చెను కదా, మరి ఇదేమి? రెండేండ్లవానికి జనవరి నెలాఖరు అనిన అర్థము లేదు. నెల, వారము అను కొలతలు వానికి లేవు. అప్పుడు మావారు వానిని ఒడిలో కూర్చుండబెట్టుకొని, ఇప్పుడు వచ్చినది మరియమ్మ బాబనియు, మన బాబు వచ్చుటకు ముందు హరిదాసు రావలెను, భోగిమంట రావలెను, నీ తలమీద రేగుపండ్లు పోయవలెను, గంగిరెద్దు వచ్చి తలయూపిపోవలెను, ఆ తరువాతనే మన బాబు వచ్చుననియు చెప్పిరి. ఈ పంచాంగము వానికి బోధపడినది. నాటినుండి వీధిలో ఏ సన్నాయి వినబడినను గంగిరెద్దాయని అడుగుచుండెను.

డిసెంబరు 28 హేరోదు చంపించిన పసిబిడ్డల స్మరణదినము. మత్తయి సువార్త ప్రకారము బేత్లెహేమున రెండేండ్లును అంతకు తక్కువయు గల మగపిల్లలను రాజు వధింపజేసెను. సాయంకాలపు కుటుంబప్రార్థనలో మావారు ఆ భాగము తెరచి మొదటి మాట చదివిరో లేదో, ఒడిలో రెండేండ్లవానిని, కడుపున ఒక బిడ్డను మోయుచున్న మా కుమార్తె, “అది ఇప్పుడొద్దు నాన్నగారూ” అన్నది. ఆయన ఒక నిమిషము ఊరకుండి, పుటలు త్రిప్పి, మరియమ్మ తన చుట్టమైన ఎలిజబెతమ్మను చూడబోయిన ఘట్టము చదివిరి. ఇద్దరు గర్భిణులు ఒకరినొకరు పలుకరించుకొను ఘట్టమది. వారిలో ఒకతె వయస్సు మీరినది, ఒకతె పడుచు. మరియమ్మ అక్కడ మూడుమాసములు ఉండినదని వ్రాయబడియున్నది. వంటపనిలో చేయి సాయముచేయుటకే యుండియుండును. వేదభాగమును మార్చుట తగునాయని నన్నొకరు తరువాత అడిగిరి. హేరోదు కథ మరుసటియేడును అక్కడనే యుండునని చెప్పితిని.

గంగిరెద్దు వచ్చిపోయిన పిదప, 1923లో తెరచిన కింగ్ జార్జి ఆసుపత్రిలో మా మనుమరాలు పుట్టినది. ఎదురింటి పెద్దమ్మ నేటికిని అది తన కప్పస్తంభపు చలవయని చెప్పుచున్నది; మావారు కొండగుడి కొవ్వొత్తి చలవయనుచున్నారు. పాప ఇప్పుడు గోడపట్టుకొని నిలువబడుచున్నది. అందిన గుడ్డ, అందిన తీగ, అందిన కొమ్మ లాగివేయుచున్నది. అన్నగారు నిరుటి లారీని ఎవరికిని ఈయక దాచుకొని, ఈ యేడు పాకలో దానికి తోడు ఒక రైలుబండియు ఉండవలెనని శాసించినాడు. రాగులు వడ్లు చల్లుట అయినది. పళ్ళెములు మాత్రము కిటికీమీదికెక్కినవి. పాకను నేలమీద కట్టిన పాప ఒక్క గడియలో విప్పివేయును. అలమరపై కట్టిన పిల్లవానికి చేయి అందదు, వాడు ఒప్పుకొనడు. అల్లుడు కర్మాగారమునుండి ఇనుపకమ్మీలు తెచ్చి చుట్టును దడికట్టెదనని చెప్పుచున్నాడు. మావారు భోజనపుబల్ల చాలునందురు. బల్లమీద పాక పెట్టిన మనము అన్నము ఎక్కడ తిందుమని నేనడిగినదానికి ఇంతవరకు ఎవరును జవాబు చెప్పలేదు.